గింజ కింద గోరువెచ్చన

చలిదేశాల్లో మిరప, వంగ, బీర మొలిపించుకునే తెలుగువాళ్లకు ఏటా ఫిబ్రవరిలో ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ప్రాపగేటర్‌లో వేడి ఎంత పెట్టాలి? డయల్ మీద కనిపించే అంకె ఒకటి, గింజకు అందే వేడి ఇంకొకటి.

ఇంగ్లండ్‌లో ఫిబ్రవరి తోటపనికి బొత్తిగా కలిసిరాని నెల. లండన్ చుట్టుపక్కల కూడా చాలా రోజులు పగలు పది డిగ్రీలు దాటదు. సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది. పెరట్లో మట్టి ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. రీడింగ్‌లోనో మిల్టన్ కీన్స్‌లోనో తోటపిచ్చి ఉన్న తెలుగువారింట్లోకి వెళ్లి చూడండి, వంటగది కిటికీ గట్టు మీద ఒక ప్లాస్టిక్ పెట్టె వెలిసే రోజులు సరిగ్గా ఇవే. పైన అద్దంలాంటి మూత, మూత లోపల ఆవిరి బొట్లు, కింద నల్లటి ట్రే, దాని అడుగున కరెంటుతో వెచ్చబడే పలక. ఇదే హీటెడ్ ప్రాపగేటర్. ఇదే పని చేసే మరో వస్తువు హీట్ మ్యాట్. పరుపులా పరిచి దాని మీద ట్రేలు పెట్టుకుంటారు. న్యూజెర్సీ బేస్‌మెంట్లలో ఎక్కువగా కనబడేది ఇదే.

ముందుగా అందులోకి చేరేవి మిరప, వంగ. మార్చిలో టమాటా. ఏప్రిల్‌లో బీర, సొర, కాకర, దోస, బెండ, గోంగూర. ఇంత ముందుగా ఎందుకంటే లెక్క తేలికే. ఇంగ్లండ్ దక్షిణాన కూడా మే మధ్య దాకా రాత్రిపూట మంచు కొట్టొచ్చు. అక్టోబరు వచ్చేసరికి మళ్లీ చలి. గింజ వేసిన దగ్గర్నుంచి పండుమిరపకాయ కోసే దాకా అయిదారు నెలలు కావాలంటే, బయట దొరికే వెచ్చటి రోజులు చాలవు. తక్కువపడిన నెలల్ని ఇంట్లోనే గడిపించాలి.

ఆ మొదటి మెట్టు దగ్గరే చాలామందికి చిక్కు. వాట్సాప్ గ్రూపులో ఒకావిడ అడుగుతుంది, "మిరపకి ఎంత పెట్టాలండీ?" అని. 25 అని ఒకరు, 30 అని మరొకరు, అసలు ఏమీ పెట్టకుండా బాయిలర్ అలమరలో పడేస్తే మాకు వచ్చేశాయని ఇంకొకరు. విచిత్రం ఏమిటంటే ముగ్గురూ నిజమే చెబుతుండొచ్చు. ముగ్గురిలో ఏ ఒక్కరూ మట్టిలో థర్మామీటర్ గుచ్చి చూసి ఉండరు, అంతే.

(ఈ వ్యాసంలో అంకెలన్నీ సెల్సియస్‌లోనే. అమెరికా ప్యాకెట్ల మీద ఫారెన్‌హీట్ ఉంటుంది. అక్కడి 80 ఇక్కడి 27కి దగ్గర.)

డయల్ ఒకటి, మట్టి ఒకటి

బజారులో దొరికే ప్రాపగేటర్లు ప్రధానంగా రెండు రకాలు. చౌకవాటికి థర్మోస్టాట్ ఉండదు. ప్లగ్ పెడితే వెచ్చబడుతూ ఉంటాయి, తీస్తే చల్లబడతాయి. ఇవి ఏ ఉష్ణోగ్రతకూ హామీ ఇవ్వవు. గదిలో ఎంత ఉందో దానికి కొన్ని డిగ్రీలు కలుపుతాయి, సాధారణంగా ఓ అయిదు నుంచి పది. బ్రిటన్ ఇళ్లలో రాత్రి హీటింగ్ కట్టేసి పడుకునే అలవాటు ఎక్కువ. తెల్లవారుజామున వంటగది 13, 14 డిగ్రీలకు దిగిపోతే, ఈ పెట్టె దాన్ని ఇరవయ్యొకటికో ఇరవైరెండుకో తెస్తుంది. అదే పెట్టెను ఎండ పడే కిటికీలో ఉంచితే, మార్చి నెల మధ్యాహ్నం మూత కింద నలభై దాటినా దాటుతుంది. ఒక్కరోజులో ఇంత ఊగిసలాట జరుగుతుంటే, పెట్టె మీద ముద్రించిన అంకెను పట్టుకుని ఏం లాభం?

ఖరీదైన రకానికి థర్మోస్టాట్ ఉంటుంది. 24 అని తిప్పితే 24 దగ్గర ఆగుతుంది. ఎక్కడి 24? అసలు విషయం అక్కడుంది. ఆ యంత్రం తన సెన్సర్ ఎక్కడుందో అక్కడి వేడినే చూస్తుంది. కొన్నిట్లో సెన్సర్ పలకలోనే అతుక్కుని ఉంటుంది, కొన్నిట్లో మూత కింది గాలిలో. గింజ ఉండేది ఈ రెండు చోట్లా కాదు. పలక మీద ట్రే, ట్రేలో కుండీ, కుండీలో రెండంగుళాల తడి మట్టి, దాని పైపొరలో గింజ. వేడి ఇవన్నీ దాటుకుని పైకి రావాలి.

వచ్చేదారిలో దాన్ని తినేసేది ముఖ్యంగా తడి. మట్టి పైపొరలోంచి నీరు ఆవిరైపోతూ వేడిని పట్టుకుపోతుంది. మూత లేని తడి మట్టి గది కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండటం మామూలే. హాల్లో హీటర్ 20 చూపిస్తున్నా, కిటికీ పక్కన మూత లేకుండా ఉంచిన కుండీలో మట్టి 17 దగ్గరే ఉండొచ్చు. "ఇల్లంతా వెచ్చగానే ఉంది, అయినా గింజలు రావడం లేదు" అనేవాళ్ల చిక్కు చాలావరకు ఇదే. మూత పనికొచ్చేది తేమ నిలపడానికే అనుకుంటాం గానీ, ఆవిరితో పాటు పోయే వేడిని కూడా అది ఆపుతుంది.

కాబట్టి ప్రాపగేటర్ కొన్నవాళ్లు దానితో పాటు తప్పకుండా కొనాల్సింది పుల్లలాంటి కొన ఉన్న చిన్న డిజిటల్ థర్మామీటర్. వంటలో మాంసం ఉడికిందో లేదో చూసేది అయినా సరే. ముందు దాన్నే పరీక్షించాలి. గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, ఖాళీలు నిండేలా కాస్త నీళ్లు పోసి, బాగా కలిపి, కొన మధ్యలో ఉంచితే కాసేపటికి సున్నా చూపాలి. రెండు చూపిస్తే ఇకమీదట ప్రతి కొలతలోంచీ రెండు తీసేసుకోవడమే.

ఇప్పుడు ట్రే సంగతి. గింజలు వేయకముందే తడి మట్టితో కుండీలు సర్ది, మూత పెట్టి, యంత్రం వేసి ఒక రాత్రంతా వదిలేయాలి. తెల్లవారుజామున, ఇల్లు బాగా చల్లగా ఉన్న వేళ, థర్మామీటర్ కొనను మట్టిలోకి అరంగుళం దించి, అంకె కదలడం మానేదాకా ఆగాలి. ముందు ట్రే నడిమధ్యన, తర్వాత నాలుగు మూలల్లో. నడుమ 24 ఉన్న ట్రేలో మూల 20 ఉండటం ఏమీ వింత కాదు. కిటికీ అద్దానికి ఆనుకున్న వైపు ఇంకా తక్కువ. ఇదే పని మధ్యాహ్నం ఎండవేళ మళ్లీ చేయాలి. ఈ రెండు కొలతలు చేతిలో ఉంటే, డయల్ మీద ఏ అంకె రాసి ఉన్నా ఇక మనకు అక్కర్లేదు. నడుమ మిరప, వంగ, మూలల్లో టమాటా అని చోటు కేటాయించుకోవచ్చు కూడా.

తేడా మరీ ఎక్కువగా ఉంటే దిద్దుకునే మార్గాలు చౌకవే. పలక మీద వేలిమందం తడి ఇసుక పోసి, దాని మీద కుండీలు ఉంచితే వేడి అన్ని వైపులకూ సమంగా పాకుతుంది. పెట్టె కింద థర్మోకోల్ ముక్క వేస్తే, చల్లటి గ్రానైట్ గట్టు వేడిని గుంజుకోదు. హీట్ మ్యాట్‌కైతే విడిగా థర్మోస్టాట్ కొనుక్కుని, దాని తీగ కొసను గాలికి వేలాడదీయకుండా గింజ పక్కన మట్టిలోనే గుచ్చాలి. మట్టిలోంచి ఆ కొస జారి బయటపడిందా, చల్లగాలిని చూసి మ్యాట్ ఆపకుండా కాలుతూనే ఉంటుంది, పైన గింజలు ఉడికిపోతాయి. అందుకే దాన్ని టేపుతో కుండీ అంచుకు అంటించడం మంచిది. ఎండ తగిలే కిటికీ మాత్రం మొలక వచ్చేదాకా వద్దే వద్దు. మట్టిలో పూడ్చిన మిరప గింజకు వెలుతురుతో పనిలేదు.

కరెంటు ఖర్చు గురించి భయపడేవాళ్లకు ఒక మాట. 20 వాట్ల మ్యాట్ రోజంతా నడిస్తే అర యూనిట్ కాలుతుంది. యూనిట్ పాతిక పెన్నీల లెక్కన రోజుకు పన్నెండు పెన్నీలు.

గింజకు కావాల్సిందెంత?

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో హారింగ్టన్ అనే విత్తన శాస్త్రవేత్త ఉండేవాడు. కూరగాయ విత్తనాల్ని వేర్వేరు వేడిమిలో ఉంచి, ఏది ఎన్ని రోజులకు మొలుస్తుందో 1950ల్లో పట్టికలు వేశాడు. ఇప్పటికీ విత్తన కంపెనీలు, తోటమాలులు తిప్పి తిప్పి వాడేది ఆ పట్టికల్నే.

అందులో మిరప వరస చూడండి. మట్టి 15 డిగ్రీలుంటే మొలకకు 25 రోజులు. 20 ఉంటే 13. 25 ఉంటే 8. 30 ఉన్నా 8 రోజులే. 35కి పెంచితే మళ్లీ 9, పైగా మొలిచే గింజల సంఖ్య బాగా పడిపోతుంది. 40 దగ్గర ఒక్కటీ రాదు. అంటే 15 నుంచి 25 దాకా ఎక్కే ప్రతి డిగ్రీకీ విలువ ఉంది, 25 నుంచి 30కి ఎక్కించినదంతా వృథా కరెంటు, ఆ పైన నష్టం. "మరి కాస్త పెంచితే త్వరగా వస్తాయేమో" అని డయల్ తిప్పేవాళ్లు ఈ వరసను ఫ్రిజ్ మీద అంటించుకోవాలి.

టమాటా చలిని కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. 10 డిగ్రీల్లో 43 రోజులకైనా మొలుస్తుంది, 15లో 14, 20లో 8, 25లో 6. దానికి ప్రాపగేటర్ ఉంటే మంచిది, లేకపోతే కొంపేమీ మునగదు. వంగ అలా కాదు. 20లో 13 రోజులు పట్టేది 30లో అయిదే రోజులకు వచ్చేస్తుంది. బెండ అయితే ఇంకా వేడి కోరుతుంది. 20లో 17 రోజులు, 30లో ఏడు, 35లో ఆరు. మన మే నెల నేలకు అలవాటుపడిన గింజ మరి.

రోజులు తగ్గడం ఒక్కటే లాభమైతే ఇంత హంగామా అక్కర్లేదు, ఓపిక పడితే సరిపోయేది. చల్లటి తడిమట్టిలో నెలరోజులు నానిన గింజకు ఇంకో గండం ఉంది. గింజ నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, లోపల దాచుకున్న పిండిపదార్థం, నూనె కరగడం మొదలవుతుంది, అందులో కొంత చక్కెరలుగా బయటికి కూడా ఊరుతుంది. మట్టిలో ఉండే బూజుకు అది పిలుపు. మొలక త్వరగా లేస్తే గింజ గెలుస్తుంది, ఆలస్యమైతే బూజు గెలుస్తుంది. కాకర, బీర గింజలు చలిలో కుళ్లిపోయేది ఇందుకే. తవ్వి చూస్తే పైపెంకు నిక్షేపంగా ఉంటుంది, నొక్కితే లోపల్నుంచి తెల్లటి గుజ్జు వస్తుంది.

మరో సంగతి. ఇరవై నాలుగు గంటలూ ఒకే అంకె మీద నిలబెట్టాలన్న ఆరాటం అనవసరం. 1924లో ఏర్పడిన అంతర్జాతీయ విత్తన పరీక్షా సంస్థ, ఇస్టా, నియమాల్లో మిరప, వంగ, టమాటాలకు మారే వేడిమి కూడా ఉంది: రోజులో 16 గంటలు 20 డిగ్రీలు, 8 గంటలు 30 డిగ్రీలు. పగలు ఎండ, రాత్రి చల్లదనం అనే సహజ క్రమాన్నే ప్రయోగశాలలోకి తెచ్చారు. మిరపకు తొలి లెక్క ఏడో రోజున, ఆఖరి లెక్క పద్నాలుగో రోజున. కాబట్టి రాత్రి 20కి పడిపోయిందని లేచి డయల్ తిప్పక్కర్లేదు. పదిహేనుకు పడిపోతేనే ఆలోచించాలి.

ఎన్ని మొలవాలి అన్నదానికీ ఒక కొలబద్ద ఉంది. మన దేశంలో ధ్రువీకరించిన విత్తనానికి ఉండాల్సిన కనీస మొలక శాతం టమాటా, వంగలకు 70. మిరపకు 60 మాత్రమే. పది మిరప గింజలు వేసి ఆరు వస్తే యంత్రాన్నీ తిట్టక్కర్లేదు, మట్టినీ తిట్టక్కర్లేదు.

అమ్మ చెప్పిన మండె

వీడియో కాల్‌లో తెనాలి అమ్మకూ రీడింగ్ కూతురికీ ఇలాంటి సంభాషణ నడవడం ఊహించుకోవచ్చు.

"అమ్మా, కాకర గింజలు ఇంకా రాలేదే. పెట్టెలో పెట్టి రెండు వారాలైంది."

"పెట్టె ఎందుకే తల్లీ? ఒక పూట నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి పొయ్యి గట్టు మీద పెట్టు. వడ్లు మండె కట్టమా ఏమిటి?"

అమ్మ మాటలో శాస్త్రం ఉంది. వరి విత్తనాన్ని ఒకరోజు నానబెట్టి, నీరు ఓడ్చి, గోనె సంచుల్లో కుప్పగా కట్టి ఇంకో రోజు ఉంచుతారు. తడిసిన గింజ ఊపిరి పీలుస్తూ తనంతట తనే వేడి పుట్టిస్తుంది, మూట ఆ వేడిని బయటికి పోనివ్వదు. చెయ్యి దూరిస్తే లోపల వెచ్చగా తగులుతుంది. మరీ కాలుతుంటే రైతు నీళ్లు చిలకరిస్తాడు, మూట విప్పి తిరగేస్తాడు. కరెంటూ లేదు, థర్మోస్టాట్ లేదు, ఆ పనంతా చేసేది అరచెయ్యే. అయితే ఈ కిటుకు బస్తాల లెక్కన విత్తనం ఉన్నప్పుడే పారుతుంది. పది కాకర గింజలు పుట్టించే వేడి ఏపాటిది? అందుకే అమ్మ పొయ్యి గట్టు కలిపింది. రీడింగ్ వంటింట్లో పొయ్యి గట్టు వెచ్చగా ఉండదు గనక, తడి టిష్యూలో చుట్టి జిప్ కవర్లో పెట్టిన గింజల్ని ప్రాపగేటర్ పలక మీద ఉంచుకుంటే సరి. తెల్లటి వేరు కొన కనిపించగానే కుండీలోకి మార్చాలి. ఆలస్యమైతే వేరు టిష్యూలోకి అల్లుకుని తీసేటప్పుడు తెగుతుంది.

చలి తలనొప్పి మన దగ్గర లేదనుకోనక్కర్లేదు. యాసంగి వరికి నారు పోసే డిసెంబరు రోజుల్లో ఆదిలాబాద్ వైపు రాత్రి ఉష్ణోగ్రత పదికి లోపు పడిపోతే నారు ఎదగకుండా ఎర్రబారుతుంది. అప్పుడు రాత్రి నారుమడి మీద పాలిథీన్ పట్టా కప్పి ఉదయం తీసేయమనీ, రాత్రంతా నిలిచి చల్లబడ్డ నీటిని పొద్దున్నే తీసేసి కొత్త నీరు పెట్టమనీ వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతుంటారు. బోరు నీరు నేల అడుగు నుంచి వస్తుంది కాబట్టి ఆ వేళకు గోరువెచ్చగా ఉంటుంది. ఇక మిరప, టమాటా నర్సరీల వాళ్లు ప్రోట్రేల్లో కొబ్బరిపొట్టు నింపి, గింజ వేసి, ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి, మొత్తాన్ని పాలిథీన్‌తో చుట్టేస్తారు. కొన్ని రోజుల తర్వాత తొలి మొలక తల ఎత్తగానే విప్పి షేడ్‌నెట్ కింద పరుస్తారు. ఒక రోజు ఆలస్యంగా విప్పితే మొలకలన్నీ పాలిపోయి పొడవు సాగిపోతాయి. ఈ విప్పే రోజును కనిపెట్టడంలోనే నర్సరీవాడి పనితనమంతా ఉంది.

యూరప్‌లో కరెంటు రాకముందు ఈ పని చేసింది గుర్రపు లద్దె. పచ్చి లద్దెను మూడడుగుల ఎత్తున పేర్చి, పైన మట్టి పరిచి, అద్దపు చట్రం మూసేవాళ్లు. లద్దె మగ్గుతూ వేడెక్కుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో పారిస్ శివార్ల తోటమాలులు నగరంలోని బండి గుర్రాల లద్దెతోనే నడిశీతాకాలంలో కూరలు పండించి అమ్మారు. ఇంగ్లండ్ జమీందార్లు అనాస పళ్ల కోసం తోళ్లు ఊనే చోట మిగిలిన బెరడు పొట్టును గుంతల్లో నింపేవారు, అది లద్దె కంటే నెమ్మదిగా, ఎక్కువ కాలం వేడినిస్తుంది. లద్దె పడక తొలి రోజుల్లో మరీ మండిపోతుంది. ఆ పొగరు అణిగేదాకా గింజ వేయకూడదన్నది అప్పటి తోటమాలి నేర్చుకునే మొదటి నియమం. మన ఊళ్లో పెంటకుప్ప మీద ఎవరూ నాటని గుమ్మడి తీగ లేచిందంటే అది కూడా మాగిన కుప్ప అంచునే, ఆవిరి కక్కే నడుమన కాదు.

వేడి ఎక్కువైతే నిద్రపోయేవి

ప్రాపగేటర్ చేతికొచ్చిన కొత్తలో అన్ని గింజల్నీ అందులో కుక్కేస్తాం. లెట్యూస్‌తో అక్కడే బోల్తా పడతాం. హారింగ్టన్ పట్టికలో లెట్యూస్ 25 డిగ్రీల్లో రెండు రోజులకే మొలుస్తుంది, 10లో వారం పడుతుంది, 35లో అసలు మొలవదు. గింజ చచ్చిపోదు. ఈ వేడిలో పుట్టినా బతకలేనని లెక్కేసుకున్నట్టు నిద్రలోకి జారుకుంటుంది. ఒకసారి అలా ముడుచుకుంటే తర్వాత చల్లబరిచినా కొన్ని గింజలు వెంటనే లేవవు. విదేశీ రకం పాలకూర కూడా 35లో మొలవదు. ఆకుకూర సెలరీ 20లో వారానికి మొలిచి, 25 దగ్గరే మొరాయిస్తుంది.

హైదరాబాద్, విజయవాడ మిద్దెతోటల వాళ్లకు పనికొచ్చే భాగం ఇదే. ఏప్రిల్, మే నెలల్లో డాబా మీద నల్లటి గ్రో బ్యాగులో మట్టి నలభై దాటుతుంది. లెట్యూస్ గింజ తెప్పించి, వేసి, రాలేదని అమ్మినవాణ్ని తిడతాం. వాళ్లకు కావాల్సింది హీటర్ కాదు, ఇంట్లో చల్లటి మూల. తడి టిష్యూలో గింజల్ని ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంచి, ఏసీ గదిలో మొలిపించి, ఆ తర్వాత నీడలోకి మారిస్తే వస్తాయి. ఎదిగాక ఎండకు చేదెక్కుతుంది, అది వేరే బాధ. నిజానికి నవంబరు దాకా ఆగడం అంతకంటే తెలివైన పని.

మొలిచింది, ఇక వేడి తీసేయండి

ఎక్కువ మంది నారు చెడగొట్టుకునేది మొలక రాకముందు కాదు, వచ్చాక.

మిరప మొలకను దగ్గరగా చూడండి. ముందు మట్టి మీద చిన్న బీట పడుతుంది. బీటలోంచి తెల్లటి కాడ గుర్రపునాడాలా వంగి లేస్తుంది. తల ఇంకా మట్టిలోనే ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో ఆ వంపు తిన్నగా సాగి, తలను పైకి లాగుతుంది. కొన్నిటికి గింజ పెంకు నెత్తిన టోపీలా అతుక్కుపోతుంది. పైపైన వేసిన గింజకు, మూత త్వరగా తీసేసినదానికి ఈ టోపీ బెడద ఎక్కువ, ఎందుకంటే పెంకు ఎండి బిగుసుకుంటుంది. గోటితో పీకితే ఆకులు తెగి వస్తాయి. నీటి బొట్టు ఒకటి పెంకు మీద నిలిపి, గంటా రెండు గంటలు నాననిచ్చి, మెల్లగా కదిపితే ఊడుతుంది.

ఈ దశలో మొలకకు 25 డిగ్రీల వేడి అక్కర్లేదు, వెలుతురు కావాలి. వేడి ఉండి వెలుతురు లేకపోతే కాడ ఆకాశాన్ని వెతుక్కుంటూ దారంలా సాగి, సొమ్మసిల్లి పడిపోతుంది. బ్రిటన్ ఫిబ్రవరి కిటికీ వెలుగు మిరపకు ఏ మూలకూ చాలదు. సగం మొలకలు లేవగానే ట్రేను వేడి మీద నుంచి దించి, 18 డిగ్రీల దగ్గర, ఎల్‌ఈడీ దీపం కింద ఉంచాలి. అలా అయితే కాడ పొట్టిగా, లావుగా తిరుగుతుంది. మిగతా సగం గింజలు రావాలని ముందు లేచినవాటిని వేడిలోనే ఉంచడం తప్పుడు బేరం. ఒక్కో గింజకు ఒక్కో చిన్న కుండీ వాడితే ఈ ఇబ్బందే ఉండదు, లేచినదాన్ని లేచినట్టు తీసేయొచ్చు.

మూత మూసి ఉంచిన వెచ్చటి తేమలో ఇంకో శత్రువు కాచుకుని ఉంటుంది. నిన్న నిటారుగా ఉన్న మొలక ఇవాళ మట్టి దగ్గర నడుము నలిగినట్టు నల్లబడి వాలిపోతుంది. నారుకుళ్లు తెగులు ఇదే. పక్కనున్నవి కూడా ఒకదాని తర్వాత ఒకటి పడిపోతాయి. మొలక లేచాక మూత తీసేయడం, నీళ్లు పైనుంచి చల్లకుండా ట్రే అడుగున పోయడం, మట్టి పైపొర కాస్త ఆరనివ్వడం, దీనికి ఇంట్లో చేయగలిగింది ఇంతే. ఒకసారి సోకాక ఆ కుండీని ఆశ వదులుకుని బయట పారేయాలి.

గింజ ఎక్కడిది అన్నదీ లెక్కలోకి వస్తుంది. ఇండియన్ స్టోర్‌లో కొన్న ఎండుమిరపకాయ విరిచి గింజలు వేసేవాళ్లు చాలామంది. కొన్ని మొలుస్తాయి, కొన్ని మొలవవు. కాయ ఎంత కాలం ఎక్కడ నిలవ ఉందో మనకు తెలియదు. హారింగ్టన్ పేరు మీద ప్రచారంలో ఉన్న మోటు సూత్రం ఇంకొకటి ఉంది: నిల్వ చోట వేడి సుమారు అయిదు డిగ్రీలు తగ్గినప్పుడల్లా విత్తనం ఆయుష్షు రెట్టింపవుతుంది, గింజలో తేమ ఒక్క శాతం తగ్గినా అంతే. పొయ్యి పై అలమరలో పోపుల డబ్బా పక్కన మూడేళ్లున్న మిరప గింజకు ప్రాపగేటర్ ప్రాణం పోయలేదు. విత్తనాలను బాగా ఆరబెట్టి, గాలి చొరని సీసాలో, ఫ్రిజ్‌లో దాచాలి.

ఊరి నుంచి సూట్‌కేసులో తెచ్చుకుంటే పోలా అంటే, చట్టం ఒప్పుకోదు. ఇండియా నుంచి బ్రిటన్‌కు నాటే విత్తనాలు తీసుకెళ్లాలంటే సాధారణంగా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. టమాటా, మిరప విత్తనాల మీద నిఘా మరీ ఎక్కువ, గింజతో పాటు వ్యాపించే వైరస్ తెగుళ్లే కారణం. ఆవకాయ జాడీ పక్కన దాచిన పొట్లం పట్టుబడకపోవచ్చు. అయినా అక్కడి గ్రీన్‌హౌస్ రైతుల పంటను పణంగా పెట్టి మనం మిరపకాయ తినాలా? బీర, సొర, కాకర, గోంగూర విత్తనాలు ఇప్పుడు ఆ దేశపు అంగళ్లలోనే దొరుకుతున్నాయి.

చివరిగా తేదీల సంగతి. మిరపకు ఫిబ్రవరి సరైనదే, దాని ఎదుగుదల నెమ్మది. అదే ఉత్సాహంలో బీర, సొర కూడా ఫిబ్రవరిలో వేస్తే, 28 డిగ్రీల్లో వారం తిరక్కుండా లేచి, మార్చి ఆఖరుకు తీగలు కర్టెన్లు ఎక్కుతాయి. బయట మట్టి ఇంకా పది డిగ్రీల్లోనే ఉంటుంది. ఆ చలిలో నాటితే ఆకులు పసుపెక్కి, వేరు ముడుచుకుని, మళ్లీ తేరుకోవు. వాటికి ఏప్రిల్ మూడో వారం, బయటికి జూన్ మొదట్లో, అదీ పాలీటన్నెల్ ఉంటే మరీ మంచిది. బెండకు ఇంగ్లండ్‌లో పాలీటన్నెల్ లేకుండా ఆశ పెట్టుకోవద్దు. డాలస్‌లో ఉన్నవాళ్లకు ఈ తంటాలేవీ లేవు, ఏప్రిల్ ఆఖరుకు నేలలోనే బెండ వేసుకోవచ్చు. గోంగూర ఆకు మాత్రం ఇంగ్లండ్ వేసవిలోనూ పచ్చడికి సరిపడా వస్తుంది. ఎర్రగోంగూర పూత, కాయ మీద ఆశ వద్దు. పగలు పొట్టివయ్యాకగానీ అది పూతకు రాదు, అంతలోకి అక్కడ మంచు మొదలైపోతుంది.